వారంటీ రిపేరుకు విదేశానికి పంపిన వస్తువు తిరిగొచ్చేటప్పుడు మళ్లీ కస్టమ్స్ సుంకం పడకుండా ఏం చెయ్యాలి?

ప్రశ్న

కెమెరా బాడీ, దాంతో వచ్చిన లెన్స్ రెండూ కలిపి పంపాలి. ఫోకస్ సరిగ్గా పడటం లేదు, వారంటీ ఇంకా ఉంది. తయారీ సంస్థ ఆర్‌ఎంఏ నంబరు (వస్తువు వెనక్కి పంపడానికి ఇచ్చే అనుమతి నంబరు) ఇచ్చి, వాళ్ల దేశంలోని సర్వీస్ సెంటర్‌కు పంపమంది. రిపేరు ఉచితం. పంపే ఖర్చు నాది, తిరిగి పంపే ఖర్చు వాళ్లది. పాడైన వస్తువే కదా, ఇన్వాయిస్‌లో విలువ సున్నా అని రాయొచ్చా? తిరిగొచ్చేటప్పుడు కొత్త సరుకు లెక్కన సుంకం వేస్తారా? కొన్నప్పుడే అన్ని పన్నులూ కట్టాం, మళ్లీ కట్టాల్సి వస్తే వారంటీ ఉండి ఏం లాభం? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు

సున్నా రాయకండి. ఒక డాలర్ అని కూడా రాయకండి. ఎందుకో తర్వాత చెప్తాను, దానికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది.

సుంకం గొడవ తిరుగు ప్రయాణంలో బయటపడుతుంది గానీ, దాని ఫలితం తేలిపోయేది మీరు పార్సిల్ పంపే రోజునే. ఫలానా సీరియల్ నంబరున్న వస్తువు రిపేరుకు వెళ్తోంది, మళ్లీ తిరిగొస్తుంది అన్న సంగతి వస్తువు దేశం దాటకముందే ఎగుమతి కాగితాల్లో నమోదు కావాలి. అది లేకుండా మామూలు పార్సిల్‌లా పంపేస్తే, తిరిగొచ్చిన పెట్టెను కస్టమ్స్ వాళ్లు విదేశం నుంచి వచ్చిన కెమెరాగానే చూస్తారు. అప్పుడు మీరెన్ని చెప్పినా చేతిలో ఆధారం ఉండదు.

కొరియర్‌లో ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. చిన్న పార్సిళ్లను కొరియర్ వాళ్లు చాలాచోట్ల సులభ పద్ధతిలో, గుంపుగా క్లియర్ చేసేస్తారు. అందులో రిపేరు సంగతి, సీరియల్ నంబరు నమోదు కావు. బుక్ చేసేటప్పుడే 'రిపేరు కోసం ఎగుమతి, తిరిగి దిగుమతి అవుతుంది, ఫార్మల్ ఎగుమతి డిక్లరేషన్ కావాలి' అని అడగండి. కౌంటర్‌లో ఉన్నవాళ్లకు తెలియకపోతే వాళ్ల క్లియరెన్స్ విభాగంతోనే మాట్లాడండి. దానికి అదనపు ఫీజు ఉంటుంది, కట్టండి. ఖరీదైన వస్తువుకు ఆ ఫీజు కట్టడం దండగ కాదు. డిక్లరేషన్ నంబరు, తేదీ ఉన్న కాపీ చేతికొచ్చేదాకా వదలకండి.

ఇన్వాయిస్‌లో వివరణ ఇంచుమించు ఇలా ఉండాలి. ఫారం మీద ఇంగ్లీషులో రాస్తారు, సారాంశం ఇది:

'వాడిన డిజిటల్ కెమెరా బాడీ, 1. మోడల్, సీరియల్ నంబరు. మార్చుకునే లెన్స్, 1. మోడల్, సీరియల్ నంబరు. లోపం: ఆటోఫోకస్ పనిచేయడం లేదు. వారంటీ మరమ్మతు కోసం తాత్కాలికంగా పంపుతున్నాం, మరమ్మతయ్యాక పంపినవారికే తిరిగి వస్తుంది. అమ్మకం కాదు. ఆర్‌ఎంఏ నంబరు. తయారైన దేశం. విలువ కస్టమ్స్ కోసం మాత్రమే.'

బాడీకి ఒక సీరియల్ నంబరు, లెన్స్‌కు ఒకటి ఉంటాయి. రెండూ రాయాలి. లెన్స్ నంబరు వదిలేస్తే తిరిగొచ్చేటప్పుడు బాడీ ఒక్కటే పాతది, లెన్స్ కొత్తది అనే ప్రశ్న వస్తుంది. హెచ్‌ఎస్ కోడ్ (సరుకు ఏ రకమో చెప్పే అంతర్జాతీయ కస్టమ్స్ కోడ్) కూడా మీరే రాయండి, కొరియర్ వాళ్లకు వదలొద్దు. డిజిటల్ కెమెరాకు 8525.89, కెమెరా లెన్స్‌కు 9002.11. ఈ మొదటి ఆరు అంకెలు ఎక్కడైనా ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటాయి. 8525.89 అనేది 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న వర్గీకరణ. పాత ఇన్వాయిస్‌లలో 8525.80 కనిపిస్తే దాన్ని కాపీ చేయకండి.

ఇక విలువ. 'ఉచితం', 'వాణిజ్య విలువ లేదు' అనే మాటలు కస్టమ్స్ లెక్కలో పనికిరావు. అమ్మకం జరగకపోయినా వస్తువుకు విలువ ఉంటుంది. మీరు సున్నా రాస్తే అధికారే ఒక విలువ కడతారు, అది కొత్త కెమెరా ధర కావచ్చు. పైగా విలువ దాచారనే అనుమానంతో పెట్టె ఆగిపోతుంది, జరిమానా పడే అవకాశమూ ఉంది. కొన్న బిల్లు జత చేసి, వాడకానికి, లోపానికి తగ్గట్టు ఇప్పుడెంత చేస్తుందో అంత రాయండి. ముఖ్యంగా వెళ్లేటప్పుడు రాసిన విలువ, వచ్చేటప్పుడు రాసిన విలువ ఒకటే కావాలి. వెళ్లేటప్పుడు 50, వచ్చేటప్పుడు 900 అని ఉంటే ఎవరైనా ఆపుతారు.

ఇంకొకరి జవాబు

పైన చెప్పినదానికి కొనసాగింపుగా, తిరిగొచ్చేటప్పుడు సుంకం ఎంత పడుతుందనేది మీరున్న దేశాన్ని బట్టి ఉంటుంది. మూడు చోట్ల నియమాలు చెప్తాను, తేడా అర్థమవుతుంది.

భారత్‌లో ఇది 45/2017-కస్టమ్స్ నోటిఫికేషన్ కిందికి వస్తుంది. రిపేరుకు పంపిన వస్తువు తిరిగొస్తే పూర్తి విలువ మీద కాకుండా, రిపేరుకయ్యే న్యాయమైన ఖర్చు, వాడిన విడిభాగాల ఖరీదు, రానుపోను రవాణా, బీమా కలిపిన మొత్తం మీద సుంకం లెక్కిస్తారు. రిపేరు ఖర్చు నిజంగా మీరు కట్టినా కట్టకపోయినా లెక్కలోకి వస్తుందని ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది. కాబట్టి వారంటీ కింద ఉచితమైనా సుంకం సున్నా అవుతుందని అనుకోవద్దు. షరతులేమిటంటే, నిర్ణీత గడువులోపు తిరిగి రావాలి, వెళ్లిన వస్తువే రావాలి, యాజమాన్యం మారకూడదు.

యూరోపియన్ యూనియన్‌లో 'అవుట్‌వర్డ్ ప్రాసెసింగ్' పద్ధతి ఉంది, అంటే వస్తువును రిపేరు లాంటి పనికి బయటికి పంపి తిరిగి తెచ్చుకోవడం. గ్యారంటీ వల్లనో, తయారీ లోపం వల్లనో ఉచితంగా రిపేరు చేశారని రుజువు చూపిస్తే దిగుమతి సుంకం పూర్తిగా మాఫీ. యూనియన్ కస్టమ్స్ కోడ్ 260వ అధికరణం ఇదే. కాకపోతే అనుమతి ఎగుమతికి ముందే ఉండాలి. మామూలు రిపేరు కేసుల్లో ఎగుమతి డిక్లరేషన్‌నే అనుమతి దరఖాస్తుగా ఇచ్చే వీలుంది. కొరియర్ ఏజెంటుకు ఈ మాట ముందే చెప్పకపోతే వాళ్లు మామూలు ఎగుమతిగా పంపేస్తారు, ఆ తర్వాత ఈ మాఫీ అడగడం చాలా కష్టం.

అమెరికాలో వారంటీ రిపేరుకు వెళ్లొచ్చిన వస్తువుకు 9802.00.40 అనే టారిఫ్ శీర్షిక ఉంది. రిపేరు విలువ మీదే సుంకం పడుతుంది. ఉచితంగా చేసినా ఆ రిపేరు విలువెంతో ఇన్వాయిస్‌లో చూపించాలి.

'చిన్న విలువే కదా, వదిలేస్తారులే' అనే ధీమా ఇప్పుడు పనిచేయదు. యూరప్‌లో 22 యూరోల వరకూ ఉన్న వ్యాట్ మినహాయింపును 2021 జులై 1న ఎత్తేశారు. అమెరికాలో 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ నిలిపేశారు. అంటే రిపేరుకు సంబంధించిన కాగితాలు సరిగ్గా లేకపోతే చిన్న పార్సిల్‌కు కూడా బిల్లు వస్తుంది.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. కస్టమ్స్ రెండుచోట్ల ఉంటుంది. వస్తువు మీ దేశానికి తిరిగొచ్చే ముందు సర్వీస్ సెంటర్ ఉన్న దేశంలోకి దిగుమతి కావాలి కదా! అక్కడ కూడా రిపేరుకు తాత్కాలిక దిగుమతి పద్ధతులున్నాయి. యూరప్‌లో ఇన్‌వర్డ్ ప్రాసెసింగ్, అమెరికాలో 9813.00.05 కింద బాండుతో తాత్కాలిక దిగుమతి. రెండోది ఏడాది వరకూ, పొడిగిస్తే మొత్తం మూడేళ్ల వరకూ. వీటిని నడిపించాల్సింది సర్వీస్ సెంటరే, మీరు కాదు. అందుకే ఆర్‌ఎంఏ ఇచ్చినవాళ్లకు మెయిల్ పెట్టి ఇవి అడగండి: దిగుమతిదారుగా ఎవరి పేరు రాయాలి, వాళ్ల దిగుమతి నంబరేంటి, వాళ్ల కస్టమ్స్ బ్రోకర్ ఎవరు, అక్కడి సుంకం ఎవరు కడతారు. జవాబు రాతపూర్వకంగా ఉండాలి.

ఈ చివరి ప్రశ్నకు జవాబు తెలియకుండా పెట్టె కదలనివ్వొద్దు. ఎయిర్ వేబిల్‌లో (పార్సిల్‌తో వెళ్లే రవాణా పత్రంలో) 'సుంకం, పన్నులు ఎవరి ఖాతాలో' అనే గడి ఉంటుంది. మీరేమీ ఎంచుకోకపోతే సాధారణంగా తీసుకునేవారి మీద పడుతుంది. చాలా సర్వీస్ సెంటర్లు అలాంటి పార్సిల్ తీసుకోవు. పెట్టె గోడౌన్‌లో ఉంటుంది, రోజురోజుకీ నిల్వ చార్జీ పెరుగుతుంది, చివరికి మీ ఖర్చుతోనే వెనక్కి వస్తుంది.

అడిగినవారు

చాలా ఉపయోగం, ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. ఏటీఏ కార్నే (సరుకును సుంకం లేకుండా తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం) తీసుకుంటే ఈ తంటా తప్పుతుందని ఒకరన్నారు, నిజమేనా? పోస్టులో పంపితే చౌక కదా, అది పనికొస్తుందా?

జవాబు

కార్నే ఎగ్జిబిషన్లకు, శాంపిళ్లకు, వృత్తి పరికరాలకు. ప్రాసెసింగ్‌కో రిపేరుకో వెళ్లే సరుకుకు కార్నే ఇవ్వకూడదని ఆ ఒప్పందంలోనే ఉంది. ఆ దారి వదిలేయండి.

పోస్టులో పంపొచ్చు. 300 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క యూనిట్) విలువ వరకూ సీఎన్ 22, అది దాటితే సీఎన్ 23 అనే పోస్టల్ కస్టమ్స్ ఫారం. కష్టమల్లా ఏంటంటే, పోస్టులో మీ తరఫున కస్టమ్స్‌తో మాట్లాడే ఏజెంటు ఉండడు. అందుకని ఖరీదు తక్కువైన వస్తువుకు పోస్టు, ఖరీదైనదానికి కొరియర్ అని నా సలహా. ఫారంలో 'గిఫ్ట్' గడిలో టిక్ పెట్టకండి, అది తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. 'ఇతరం' ఎంచుకుని వారంటీ మరమ్మతు అని రాయండి.

ఇంకొకరి జవాబు

బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. లోపం ఫోకస్‌లో ఉంది కాబట్టి బ్యాటరీ తీసి ఇంట్లోనే ఉంచుకోండి. మెమరీ కార్డు, స్ట్రాప్, చార్జర్ కూడా. లిథియం అయాన్ బ్యాటరీ పరికరంలోనే ఉండి వెళ్తే అది యూఎన్ 3481 అనే ప్రమాదకర సరుకుల నంబరు కిందికి వస్తుంది, 100 వాట్-అవర్ లోపైతే నియమాలు తేలికే, అయినా ఒక్కో కొరియర్ ఒక్కో షరతు పెడుతుంది. విడి బ్యాటరీ ఒక్కటే అయితే యూఎన్ 3480, ప్రయాణికుల విమానాల్లో సరుకుగా అనుమతి లేదు. ఇక లోపం బ్యాటరీలోనే ఉంటే, అంటే ఉబ్బినా, అతిగా వేడెక్కుతున్నా, దాన్ని ఏ విమానంలోనూ పంపకూడదు. అది నిప్పంటుకునే వస్తువు. అలాంటప్పుడు తయారీ సంస్థకు ఫొటోలు పంపి, పాతది పంపకుండానే కొత్తది అడగాలి.

ప్యాకింగ్: లోపలి పెట్టె, బయటి పెట్టె రెండూ ఉండాలి. వాటి మధ్య అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్త. లెన్స్ బాడీకి బిగించి పంపకండి, కుదుపుకు మౌంట్ వంగుతుంది. విడదీసి రెండింటికీ మూతలు పెట్టి వేరువేరుగా చుట్టండి. ఫోకస్ లోపం ఎందులో ఉందో తెలియదు కాబట్టి రెండూ పంపడం మాత్రం సరైనదే.

అలాగని అవసరానికి మించిన పెట్టె వాడొద్దు. కొరియర్ తూకం ఘనపరిమాణం మీద వేస్తుంది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించాలి. 40, 30, 30 పెట్టెలో ఉన్నది 2 కిలోలే అయినా 36,000ను 5000తో భాగిస్తే 7.2 కిలోలకు బిల్లు వస్తుంది. 30, 25, 20 పెట్టె అయితే 3 కిలోలు.

వేబిల్ మీద రెండు విలువ గడులుంటాయి, ఒకటనుకుని ఇంకొకటి నింపుతుంటారు. 'కస్టమ్స్ విలువ' సుంకం కోసం. 'రవాణా విలువ' పార్సిల్ పోతే పరిహారం కోసం. రెండోది ఖాళీగా వదిలితే, మాంట్రియల్ ఒప్పందం వర్తించే విమాన రవాణాలో బాధ్యత కిలోకు 26 ఎస్‌డీఆర్‌కే పరిమితం, 2024 డిసెంబరు 28 నుంచి ఇదే లెక్క. 2 కిలోల పార్సిల్‌కు 52 ఎస్‌డీఆర్. మంచి లెన్స్ ఖరీదులో అదొక మూలకు రాదు. బీమా తీసుకోండి. తిరిగొచ్చిన పెట్టె దెబ్బతిని ఉంటే ఫిర్యాదు 14 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ గడువు దాటితే హక్కు పోతుంది.

పెట్టె మూసేముందు సీరియల్ నంబర్లు చదవగలిగేంత దగ్గరగా ఫొటోలు తీయండి. ఆ ఫొటోలు, కొన్న బిల్లు, వారంటీ పత్రం, ఆర్‌ఎంఏ మెయిల్, ఇన్వాయిస్, వేబిల్, ఎగుమతి డిక్లరేషన్ అన్నీ ఒకే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. తిరుగు పార్సిల్ ట్రాకింగ్ నంబరు రాగానే, అది ఇంకా గాల్లో ఉండగానే, మీ దేశంలోని కొరియర్ క్లియరెన్స్ విభాగానికి ఆ పీడీఎఫ్ పంపి, ఇది రిపేరు నుంచి తిరిగొస్తున్న వస్తువు, ఆ నిబంధన కిందే ఫైల్ చేయండి అని చెప్పండి. విమానం దిగాక చెప్తే అప్పటికే మామూలు దిగుమతిగా ఫైల్ చేసేసి ఉంటారు.

మరొకరి ప్రశ్న

మధ్యలో వచ్చి అడుగుతున్నాను, క్షమించండి. నా హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ రిపేరుకు పంపితే, బాగుచేయడం కుదరదు, బదులు కొత్తది పంపుతామంటున్నారు. ఇది కూడా ఇదే లెక్కనా?

జవాబు

కాదండి. వాళ్లు ఇంకా పంపలేదు కాబట్టి ఇప్పుడే ఆగి ఆలోచించండి. సీరియల్ నంబరు మారితే చాలాచోట్ల అది 'తిరిగొచ్చిన వస్తువు' కాదు, కొత్త దిగుమతే. భారత్ నోటిఫికేషన్‌లో వెళ్లిన వస్తువే రావాలని స్పష్టంగా ఉందని పైన చెప్పారు కదా. యూరప్‌లో మాత్రం 'స్టాండర్డ్ ఎక్స్చేంజ్' అని దీనికో దారి ఉంది. బదులు వచ్చే వస్తువుకు అదే 8 అంకెల కోడ్, అదే నాణ్యత, అవే సాంకేతిక లక్షణాలు ఉండాలి. బదులు వస్తువు ముందే తెప్పించుకుంటే, పాడైనదాన్ని 2 నెలల్లోపు ఎగుమతి చేయాలి.

మీరున్న చోట ఇలాంటి వెసులుబాటు లేకపోతే, సంస్థను రెండిట్లో ఒకటి అడగండి: సుంకం, పన్నులు పంపేవారే కట్టే డీడీపీ పద్ధతిలో పంపమనండి, లేదా డబ్బు వాపసు ఇమ్మనండి, మీ దేశంలోనే కొనుక్కోవచ్చు. వారంటీ షరతుల్లో 'సుంకాలు మా బాధ్యత కాదు' అన్న వాక్యం ఉండే అవకాశం ఎక్కువ, అయినా అడిగితే ఒప్పుకునే సంస్థలున్నాయి. లోపల బోర్డు మార్చినందువల్ల మాత్రమే సీరియల్ మారుతుంటే, పాత నంబరు, కొత్త నంబరు రెండూ రిపేరు రిపోర్టులో రాసి, సంతకంతో ఇమ్మనండి. పాత పెట్టె, పాత చాసీ అలాగే ఉంచమనండి.

అడిగినవారు

సర్వీస్ సెంటర్ తిరిగి పంపేటప్పుడు వాళ్ల ఇన్వాయిస్‌లో ఏముండాలి? వాళ్లకు ముందే చెప్పాలంటున్నారు కదా.

జవాబు

అవును, వాళ్లకు వదిలేస్తే 'రిపేరైన కెమెరా' అని ఒక్క ముక్క రాసి, కొత్త ధర వేసి పంపుతారు. ఆర్‌ఎంఏ కాగితం మీద, పెట్టె లోపల, మెయిల్‌లో మూడుచోట్లా ఇవి రాసి పెట్టండి. వస్తువు విలువ ఒక వరుసలో, రిపేరు విలువ ఇంకో వరుసలో ఉండాలి. రిపేరు విలువలో విడిభాగాలెంత, పనికెంత అని విడగొట్టాలి. కింద 'వారంటీ కింద ఉచితం, ఈ విలువ కస్టమ్స్ కోసం మాత్రమే' అని ఉండాలి. వెళ్లినప్పటి వేబిల్ నంబరు, ఎగుమతి డిక్లరేషన్ నంబరు, తేదీ, రెండు సీరియల్ నంబర్లు, మీరు రాసిన విలువే మళ్లీ. ఈ రెండు వరుసలూ కలిసిపోతే మొత్తం మీద సుంకం పడుతుంది.

మరొకరి ప్రశ్న

నాది ఆ దశ దాటిపోయింది. పార్సిల్ వచ్చింది, కొరియర్ పూర్తి విలువ మీద బిల్లు పంపింది. వెనక్కి పంపేయనా?

జవాబు

వెనక్కి పంపకండి. పంపితే వస్తువు మళ్లీ ఎగుమతి అవుతుంది, తిరుగు రవాణా మీ మీద పడుతుంది, పైగా రెండో రాకకు ఆధారాలు ఇంకా చిక్కుపడతాయి.

ముందు బిల్లును విడగొట్టి చూడండి. అందులో సాధారణంగా నాలుగు రకాలుంటాయి: దిగుమతి సుంకం, వ్యాట్ లేదా జీఎస్టీ లాంటి పన్ను, మీ తరఫున ముందే కట్టినందుకు కొరియర్ తీసుకునే ఫీజు, నిల్వ చార్జీ. మొదటి రెండూ ప్రభుత్వానివి, వాటిని సవరించేది కస్టమ్స్ మాత్రమే. చివరి రెండూ కొరియర్‌వి. 'రిపేరు' అని ఇన్వాయిస్‌లో స్పష్టంగా ఉన్నా వాళ్లు చూడకుండా ఫైల్ చేసి ఉంటే, ఆ ఫీజు వాళ్లతోనే గట్టిగా అడిగి తగ్గించుకోవచ్చు.

పార్సిల్ ఇంకా డెలివరీ కాకపోతే, దాన్ని ఆపి ఉంచి డిక్లరేషన్ సవరించమని కొరియర్‌కు రాయండి. అన్నిటికంటే తేలికైన దశ ఇదే. నిల్వ చార్జీ ఏ రోజు నుంచి మొదలవుతుందో అదే మెయిల్‌లో అడగండి, ఎందుకంటే సవరణకు రోజులు పడితే ఆ చార్జీ సుంకాన్నే మించిపోవచ్చు. అలాంటప్పుడు అభ్యంతరం రాతపూర్వకంగా నమోదు చేసి, డబ్బు కట్టి, వస్తువు తీసుకుని, ఆ తర్వాత వాపసుకు దరఖాస్తు చేయడమే నయం. కట్టేశాం కదా, ఇక అయిపోయిందనుకోవద్దు. గడువులు ఇవి: యూరప్‌లో ఎక్కువ వసూలైన సుంకానికి 3 ఏళ్లు, భారత్‌లో వాపసు దరఖాస్తుకు ఏడాది, అసెస్‌మెంట్ (సుంకం లెక్క) మీద అప్పీలుకు 60 రోజులు, అమెరికాలో లిక్విడేషన్ తేదీ (కస్టమ్స్ సుంకం లెక్క ఖరారు చేసిన రోజు) నుంచి 180 రోజుల్లోపు ప్రొటెస్ట్, అంటే అభ్యంతర పత్రం.

దరఖాస్తుకు కావాల్సిన మొదటి కాగితం దిగుమతి డిక్లరేషన్ కాపీ. కొరియర్ పంపిన బిల్లు దానికి బదులు కాదు. డిక్లరేషన్‌లో ఏ కోడ్ కింద, ఏ విలువతో, ఎవరి పేరు మీద ఫైల్ చేశారో ఉంటుంది. ఆ కాపీ ఈ రోజే అడగండి, దాని పక్కన మీ ఎగుమతి కాగితం పెట్టి సీరియల్ నంబర్లు, విలువలు పోల్చుకోండి. ఎగుమతి డిక్లరేషన్ అసలు లేకపోతే, వెళ్లినప్పటి వేబిల్, ఆర్‌ఎంఏ మెయిల్, సర్వీస్ సెంటర్ అందుకున్నట్టు ఇచ్చిన రసీదు, రిపేరు రిపోర్టు, సీరియల్ నంబరున్న కొన్న బిల్లు జత చేయండి. అధికారి ఒప్పుకుని తీరాలని లేదు గానీ, ఈ ఐదింటిలోనూ ఒకే సీరియల్ నంబరు కనిపిస్తే మీ మాటకు బలం వస్తుంది.